ఉలికిని ఒక కొలత

శివశరణులు లోకమునకు ప్రసాదించిన మాటలలో కాయకము, దాసోహము అనునవి జంటపదములు. బండికి రెండు చక్రములవలె ఈ రెండును కలిసి నడచినప్పుడే శరణధర్మము ముందునకు సాగును. కాయముతో, అనగా శరీరముతో, సత్యముగా శ్రమించి ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిలో కుటుంబమునకు వలసినంత గైకొని, తక్కినదానిని గురులింగజంగమములకును సమాజమునకును వినయముతో సమర్పించుట దాసోహము. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమున, అనగా నేటి కర్ణాటకరాష్ట్రములో బీదరు జిల్లాయందలి బసవకల్యాణమున, బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, గడ్డికోసి త్రాళ్లు పేను నులియ చందయ్య, కట్టెలమోపు లమ్ముకొను మోళిగ మారయ్య మున్నగువారుండిరి. కొయ్యపని చేయు బాచికాయకద బసవయ్యయు వారిలో నొకడు. కన్నడమున బాచి యనగా బాడిస. చేతిపనిముట్టే యింటిపేరైన ధన్యుడాయన. వీరిలో ఏ యొక్కరి పనియు మరియొకరి పనికంటె తక్కువదిగా ఎంచబడలేదు.

నేటి వీరశైవకుటుంబములలో పెక్కుమంది గృహస్థులు కచేరీలలోను, బ్యాంకులలోను, పాఠశాలలలోను, దుకాణములలోను పనిచేసి జీవించుచున్నారు. పగలెల్ల కాగితములతోను కంప్యూటరుతోను గడపిన చేతులకు సాయంకాలమున కంటికి కనబడు పని యేదైన చేయవలెననిపించుట సహజము. అట్టివారిలో కొందరు కొయ్యపనిని వినోదముగా చేపట్టుచున్నారు. ఒక రంపము, రెండు మూడు ఉలులు, ఒక చిత్రిక, ఒక మూలమట్టము కొనితెచ్చుకొని ఇంటి వసారాలోనో, మేడమీదనో పీటలు, పుస్తకముల అరలు, పూజామందిరములు చేయుచున్నారు. ఇది మెచ్చదగిన అభిరుచి. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకొని లేచు పొట్టును చూచిన కన్నులకును, కుసి బెజ్జములో బిగువుగా కూర్చున్నప్పటి చప్పుడు విన్న చెవులకును కలుగు తృప్తి వేరొక చోట దొరకదు. తండ్రి చేతిలో ఉలిని చూచి పెరిగిన బిడ్డ వడ్రంగిని చులకనగా చూడడు. శ్రమను గౌరవించుట బసవధర్మమునకు మూలము గనుక, ఈ వినోదము ఇంటికి వచ్చుట శుభమే.

అయితే ఇంటికి వచ్చిన అతిథి ఇంటియజమాని కాకూడదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

ఒకానొక గృహస్థుని ఉదాహరణముగా తలచి చూడుడు. మొదట పూజకు కూర్చుండుటకై ఒక పీట చేసెను. చూచినవారు మెచ్చుకొనిరి. బావమరిది తనకొకటి కావలెననెను. పొరుగువారు చెప్పులు పెట్టుకొను అర యొకటి అడిగిరి. బసవజయంతి సమీపించుచున్నదనియు, పురాణపఠనమునకు వ్యాసపీఠమొకటి చేసియిమ్మనియు మఠమునుండి కబురు వచ్చెను. అన్నిటికిని ఆయన సరేననెను. ఏ యొక్కటియు సమయమునకు పూర్తి కాలేదు. ఆదివారమున తల్లిని కంటివైద్యునియొద్దకు తీసికొనిపోవలసియుండగా అది తరువాతి ఆదివారమునకు వాయిదా పడెను. పదవతరగతి చదువుచున్న కుమార్తె లెక్క తెలియక పుస్తకము పట్టుకొని వచ్చి, రంపపు చప్పుడు ఆగువరకు నిలిచి, వెనుదిరిగి పోయెను. భార్య పిలిచినప్పుడెల్ల ఆయన చెప్పునది ఒకటే మాట: “ఈ ఒక్క పలక అయిపోనీ.” ఆ యొక్క పలక ఎన్నడును అయిపోదు. ఒకదాని వెనుక మరియొకటి కాచుకొని యుండును.

ఇతడు దుర్మార్గుడు కాడు. పేకాటకు పోలేదు, మద్యము ముట్టలేదు, పరులను నిందించుచు కాలము గడపలేదు. మంచిపనియే చేయుచున్నాడు. కావుననే ఈ దోషము కనబడదు. చెడ్డ అలవాటును ఇంటివారు నిలదీయగలరు. మంచి అలవాటు హద్దు మీరినప్పుడు నిలదీయుటకు వారికి నోరు రాదు. మఠమునకు చేయుచున్న పనిని ఆపుమని ఏ యిల్లాలు చెప్పగలదు?

వినోదము కాయకమగునా?

ఇట్టి సందర్భమున శాస్త్రమెరిగిన గృహస్థుడు ఒక సమాధానము చెప్పవచ్చును. కాయకమునందు నిమగ్నుడైనవాడు గురుదర్శనమునైన, లింగపూజనైన మరువవచ్చుననియు, జంగముడు ఎదుట నిలిచినను పని విడువనక్కరలేదనియు, కాయకమే కైలాసమగుటయే ఇందులకు కారణమనియు ఆయ్దక్కి మారయ్య తన వచనమున చెప్పియున్నాడు. జంగమునికే పని విడువనక్కర లేనప్పుడు, ఆలుబిడ్డల పిలుపునకు ఉలి ఏల దించవలయునని ఆ గృహస్థుని ప్రశ్న. ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. దీనికి జవాబు మారయ్య జీవితమునందే కలదు.

మారయ్య కాయకమెట్టిది? కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట. ఆనాడు ఏరిన బియ్యముతోనే ఆయన భార్య లక్కమ్మ వంటచేసి జంగములకు అర్పించి, మిగిలిన ప్రసాదమును దంపతులు స్వీకరించుచుండిరి. ఒకనాడు ఏరకున్నచో ఆనాడు దాసోహము నిలిచిపోవును. అట్టి పని మధ్యలో ఆగరాదని ఆయన చెప్పినది న్యాయము. ఆ పని ఆగినచో జంగముని ఆకలియే తీరదు. ఇక వినోదమునకై కొయ్యపని చేయు గృహస్థుడు నేటి సాయంకాలము చిత్రిక పట్టకున్నచో ఎవని కడుపు మాడును? ఎవని యింట పొయ్యి వెలుగకపోవును? ఎవనికిని నష్టము లేదు. కనుక మారయ్యకు గల వెసులుబాటు ఇతనికి చెల్లదు. ఇతని కాయకము ఇతని ఉద్యోగము. దానిని ఏమరుపాటు లేక చేయుటలో మారయ్య మాటను పాటించిన చాలును.

కాయకమునకు శరణులు చూపిన లక్షణములను మూడుగా చెప్పుకొనవచ్చును. అది సత్యశుద్ధమై యుండవలెను. దానివలన జీవనము గడవవలెను. దాని ఫలము దాసోహముగా పరిణమింపవలెను. వినోదపు కొయ్యపనికి మొదటి లక్షణము ఉండవచ్చును. రెండవది లేదు. మూడవదానిని అది ప్రయత్నించి సంపాదించుకొనవలెను. అంతవరకు దానిని వినోదమనియే పిలుచుట మేలు. వినోదమనుటలో అవమానమేమియు లేదు. అలసిన మనస్సు తేరుకొనుట కుటుంబమునకును హితమే. కాని వినోదమునకు కాయకమను పేరుపెట్టి దాని గౌరవమును ఎరువు తెచ్చుకొనుట సత్యశుద్ధమునకే భంగము.

లక్కమ్మ తక్కెడ

శూన్యసంపాదనమున మారయ్య దంపతుల కథ ప్రసిద్ధము. ఒకనాడు మారయ్య శరణుల అనుభవగోష్ఠిలో మైమరచి కూర్చుండగా, కాయకము నిలిచిపోయినదని లక్కమ్మ ఆయనకు గుర్తుచేసినది. గోష్ఠి చెడ్డదియా? అల్లమప్రభువుతో శివానుభవమును గూర్చి మాటలాడుట కంటె మించిన సత్కార్యమేది? అయినను ఆ సత్కార్యము మరియొక కర్తవ్యమును మరపించినప్పుడు హెచ్చరించినది ఇల్లాలే. మరియొక దినమున మారయ్య ఎప్పటికంటె హెచ్చుగా బియ్యము ఏరితెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. శివభక్తులకు ఈ ఆశ ఎందులకని అడిగి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపినది. మారయ్య మారుపలుకక అట్లే చేసెను.

ఈ కథను బియ్యమునకే పరిమితము చేయరాదు. కాలమును బియ్యము వంటిదే. వారమునకు 168 గంటలు. నిద్రకు 56 గంటలు, ఉద్యోగమునకును రాకపోకలకును 60 గంటలు, స్నానభోజనములకును శివపూజకును 28 గంటలు లెక్కవేసినచో మిగులునవి 24 గంటలు. వారమంతటిలో ఏరుకొనగలిగిన గింజలు ఇవియే. వృద్ధులైన తల్లిదండ్రులకును, బిడ్డల చదువునకును, భార్యతో నాలుగు మాటలు చెప్పుకొనుటకును, సంతకును, ఆసుపత్రికిని, బంధువుల శుభాశుభములకును, మఠసేవకును, వినోదమునకును అన్నిటికిని ఈ 24 గంటలే ఆధారము. ఇందులో ఉలి 15 గంటలు తినివేసినచో, ఎవరి పళ్లెమునుండియో అన్నము తీసినట్లే యగును. ఆ పళ్లెము ఎవరిదో లక్కమ్మకు తెలియును, మారయ్యకు తెలియదు. కావుననే తక్కెడ ఆమె చేతిలో ఉండవలెను.

మరియొక సంగతియు గమనింపవలసియున్నది. గృహస్థుడు ఆదివారమంతయు వసారాలో కొయ్యపని చేయుచుండగా, ఆదివారమంతయు వంటింటిలో పని చేయుచున్నది ఎవరు? అత్తగారికి మందు అందించుచున్నది ఎవరు? చెల్లాచెదరైన కొయ్యపొట్టును ఊడ్చుచున్నది ఎవరు? ఆయన వినోదపు గంటలకు వెల ఆమె శ్రమ. శరణులు స్త్రీపురుషులకు సమానమైన అధికారమిచ్చిరి. అక్కమహాదేవి, లక్కమ్మ మున్నగువారు వచనములు చెప్పి గోష్ఠిలో పురుషులతో సమానముగా వాదించిరి. ఆ పరంపరకు చెందిన యింట భర్తకు మూడు గంటల వినోదమున్నచో భార్యకును మూడు గంటల తీరిక ఉండవలెను. ఆమె వీణ వాయించుకొనవచ్చును, చదువుకొనవచ్చును, ఊరక విశ్రమింపవచ్చును. ఆ మూడు గంటలును అత్తగారి మందులు, పొయ్యిమీది పాలు ఆయనవే కావలెను. ఇంత మాత్రము చేయలేనివాడు సమానత్వమును గూర్చి బసవజయంతినాడు ఉపన్యసించుట వ్యర్థము.

కొయ్య నేర్పు పాఠము

కొయ్యపని నేర్చినవానికి ఈ ధర్మమును వేరొకరు బోధింపనక్కరలేదు. కొయ్యయే బోధించును. పచ్చికొయ్యతో చేసిన వస్తువు కొన్ని నెలలకే వంగును, బీటలువారును. అందుచేత తెలిసిన వడ్రంగి పలకలను నీడలో, గాలి ఆడునట్లు నడుమ బద్దలు పెట్టి పేర్చి, ఆరువరకు వేచియుండును. తొందరపడి మాట యిచ్చువాడు పచ్చికొయ్యతో పందిరి వేయువాడు. మఠమువారడిగినను, బంధువులడిగినను, ఇంటిలో విచారించి రెండు దినములలో చెప్పెదనని పలికినవాడు మాటను ఆరబెట్టుకొన్నవాడు. అట్టి మాట బీటలువారదు.

అంతకంటె గొప్ప పాఠము తలుపులో కలదు. తలుపుచట్రము నడుమ నుండు పలకను వడ్రంగి నలువైపుల జిగురుపెట్టి బిగింపడు. చట్రమునకు లోపల గాడి తీసి, ఆ గాడిలో పలకను కొంచెము సందు విడిచి నిలుపును. కొయ్య వేసవిలో ముడుచుకొనును, వానకాలమున ఉబ్బును. నిడివిలో ఈ మార్పు బహుస్వల్పము, వెడల్పులో హెచ్చు. సందు విడువకున్నచో వానకాలమున పలక ఉబ్బి చట్రము కీళ్లు విడిపోవును. వేసవిలో ముడుచుకొని పలక నిలువున చీలిపోవును. పైకి చూచినవారికి ఆ సందు కనబడదు. కాని తలుపు నూరేండ్లు నిలుచుట ఆ సందువలననే.

గృహస్థుని వారమునకును అట్టి సందు కావలెను. మిగిలిన 24 గంటలను కార్యక్రమములతో బిగించి జిగురుపెట్టినచో, ఆకస్మికముగా జంగముడు వచ్చినను, బిడ్డకు జ్వరము వచ్చినను, బంధువు మరణవార్త వచ్చినను ఎక్కడో ఒకచోట చీలిక తప్పదు. సాధారణముగా ఆ చీలిక ఏర్పడునది ఇంటివారి మనస్సులో. కావున వినోదమునకు గంటలను కేటాయించునప్పుడే ఎవరికిని కేటాయింపని గంటలు కొన్ని విడిచిపెట్టవలెను. అతిథి ఎప్పుడు వచ్చునో చెప్పిరాడు. దాసోహమనగా ధాన్యము సిద్ధముగా నుంచుట మాత్రమే కాదు; కాలమును సిద్ధముగా నుంచుట.

మఠమునకును సమాజమునకును గల బాధ్యత

దోషమంతయు గృహస్థునిదే యనుట న్యాయము కాదు. అడుగువారికిని ధర్మము కలదు. చేతినేర్పు గలవాడొకడు దొరకినాడని తెలియగానే ఊరివారందరును, మఠకార్యకర్తలును ఆయన ఆదివారములను పంచుకొందురు. దాసోహమని పేరుపెట్టి అడిగినప్పుడు కాదనుట భక్తునికి కష్టము. భక్తుని మొగమాటమునుండి పిండిన సేవ దాసోహము కాదు. దాసోహము ఇచ్చువాని హృదయమునుండి పుట్టవలెను. కావున మఠమునకు వ్యాసపీఠమో, పల్లకికి మరమ్మతో కావలసినప్పుడు కొయ్యను మఠమే సమకూర్చవలెను. గడువును ముందుగా చెప్పవలెను. ఆ మాటను గృహస్థునికి ఒంటరిగా కాక ఇల్లాలి యెదుట చెప్పవలెను. ఆమె సమ్మతించినదే ఆ యింటి దాసోహము.

ఇందులో మరియొక సూక్ష్మమున్నది. ప్రతి ఊరను కొయ్యపనితోనే పొట్టపోసికొను వడ్రంగికుటుంబములు కలవు. ఉద్యోగస్థుడు తీరికవేళ ఊరివారికెల్ల ఉచితముగా పీటలు, బల్లలు చేసి పంచినచో ఆ కుటుంబముల కూలి పోవును. ఆయనకు అది వినోదము. వారికి అది కాయకము. ఒకని వినోదము మరియొకని కాయకమును మ్రింగరాదు. తన యింటికి చేసికొనుట, మఠమునకు చిన్న సేవ చేయుట వేరు. బేరము పెట్టవలసినవారికి ఉచితముగా చేసియిచ్చుట వేరు. అడిగిన బంధువును ఊరి వడ్రంగియొద్దకు పంపుట, వెల న్యాయముగా ఇప్పించుట, తానును ఆయనయొద్ద పని నేర్చుకొని గురుదక్షిణ చెల్లించుట శరణమార్గము.

ఆచరణకు కొన్ని నియమములు

మొదటిది: ఒక వస్తువు పూర్తియగువరకు రెండవదానికి కొయ్య కోయరాదు. సగము చేసిన నాలుగు వస్తువులకంటె పూర్తియైన పీట యొకటి మేలు.

రెండవది: ప్రాతఃకాల ఇష్టలింగపూజను, రాత్రి కుటుంబమంతయు కూడి చేయు భోజనమును ఉలి ముట్టరాదు. ఈ రెండు హద్దురాళ్ల నడుమనే వినోదమునకు చోటు.

మూడవది: చప్పుడును ధూళియు ఇతరుల పాలు కాకూడదు. కరెంటు రంపము పొరుగు వృద్ధుని మధ్యాహ్ననిద్రను చెరచును. బిడ్డల పరీక్షల చదువును చెరచును. సన్నని కొయ్యపొడి ఊపిరితిత్తులకు హాని చేయునని వైద్యశాస్త్రము నిర్ణయించినది. ముక్కునకు ముసుగు కట్టుకొని, గాలి వెలుపలికి పోవు చోట పనిచేసి, పొట్టును తానే ఊడ్చి పనిముట్లను బిడ్డలకందని చోట పెట్టి లేవవలెను. ఊడ్చుటయు పనిలో భాగమే.

నాలుగవది: పనిముట్లకును కొయ్యకును పెట్టు వ్యయమును ఇంటిఖర్చులలో దాచక బయటికి చెప్పవలెను. ఒక పరికరము కొన్నవెంటనే దానికంటె మంచిది మరియొకటి కంటికి కనబడును. లక్కమ్మ తిప్పిపంపిన మిగులు బియ్యమును ఇక్కడ తలచుకొనవలెను.

ఐదవది: వీలైనంతవరకు బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయవలెను. మూలమట్టము పెట్టి గీత గీయుట చిన్నవానికి నేర్పవచ్చును. ఇసుకకాగితముతో రుద్దుట ఆడపిల్లకును మగపిల్లవానికిని సమానముగా నేర్పవచ్చును. ఒంటరిగా రెండు దినములలో ముగియు పని బిడ్డలతో నాలుగు వారములు పట్టును. ఆ జాప్యమే లాభము. వస్తువు ఆలస్యమైనను సంసారము ముందునకు నడచినది.

ఈ నియమములన్నియు గుర్తుండకున్నను ఒకటి గుర్తుండిన చాలును. ఉలి చేతబట్టుటకు ముందు ఇంటిలోనికి పోయి, “ఇప్పుడు నా వలన కావలసిన పని యేమైన ఉన్నదా?” అని అడుగవలెను. ఏమియు లేదని నవ్వుచు చెప్పినచో ఆ రెండు గంటలు ఇంటివారిచ్చిన ప్రసాదము, తృప్తిగా పనిచేసికొనవచ్చును. మాట తడబడినచో, జవాబు ఆలస్యమైనచో, మిగులు బియ్యము మూట విప్పినట్లే తలచి ఉలిని పెట్టెలో పెట్టవలెను. కొయ్యకు తొందర లేదు. అది రేపటివరకు ఉండును. ఆరిన కొలదియు మేలైన కొయ్యయగును. తల్లి కన్నులును, కుమార్తె పరీక్షయు, ఇల్లాలి ఓర్పును రేపటివరకు ఆగవు.

బాచికాయకద బసవయ్య చేతిలోని బాడిసయు, లక్కమ్మ చేతిలోని తక్కెడయు ఒకే యింట నిలిచినప్పుడు ఆ యిల్లే కల్యాణమగును.